నానోకణాల అల్లికలో ఎలక్ట్రాన్ దూకుతుందా, దూరుతుందా, గెంతుతుందా?

గుంటూరు, ఫిజిక్స్ లెక్చరర్:
డిగ్రీ తెలుగు మీడియం నోట్సు కోసం అడుగుతున్నానండి. బంగారు నానోకణాలను డైథయోల్ అణువులతో (రెండు కొసలా బంగారాన్ని పట్టుకునే సల్ఫర్ ఉన్న గొలుసులు) కలిపి అల్లిన పొరలో విద్యుత్తు ఎలా నడుస్తుందన్నది పాఠం. "అణువుల గుండా ప్రవహిస్తుంది" అంటే పిల్లలు రాగితీగ అనుకుంటారు. "సొరంగ ప్రభావం" అంటే అణువులో బొరియ ఉందనుకుంటారు. టన్నెలింగ్‌కీ హాపింగ్‌కీ వాడుక క్రియలు చెప్పండి. టన్నెలింగ్ అంటే అడ్డు ఎత్తుకు చాలినంత శక్తి లేకపోయినా ఎలక్ట్రాన్ అవతల తేలడం, హాపింగ్ అంటే వేడి సాయంతో ఒక చోటి నుంచి పక్క చోటికి వెళ్లడం.

విజయవాడ, కెమిస్ట్రీ అధ్యాపకురాలు:
టన్నెలింగ్‌కి "దూరు". కంచె దాటడం వేరు, కంచె దూరడం వేరు. దాటాలంటే కంచె ఎత్తుకి లేవాలి. దూరేదానికి అంత ఎత్తుకి లేవాల్సిన పని లేదు. ఎలక్ట్రాన్ కూడా అణువులోకి ఎంత శక్తితో వెళ్లిందో అంతే శక్తితో అవతల తేలుతుంది. కంచె మందం మాత్రం గట్టిగా లెక్కలోకి వస్తుంది: గొలుసులో ఒక్కో మిథిలీన్ (CH₂) పెరిగినప్పుడల్లా వాహకత దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. బ్యూటేన్ డైథయోల్ బదులు ఆక్టేన్ డైథయోల్ వేస్తే ఒక్కో సంధి (రెండు కణాలు, వాటి మధ్య అణువు) వాహకత యాభయ్యో వంతు ప్రాంతానికి దిగుతుంది. ఏకాంతర ద్విబంధాలున్న అణువైతే పొడవుతో ఇంత వేగంగా పడిపోదు.

హాపింగ్‌కి "దూకు" వద్దు. మనం బావిలోకి దూకుతాం, గట్టు మీంచి దూకుతాం. అందులో కిందికి పోవడమే వినిపిస్తుంది. "గెంతు" అనండి.

గుంటూరు, రిటైర్డ్ తెలుగు పండితుడు:
దూరడానికి సందు ఉండాలి కదమ్మా. అయినా "సొరంగం" కన్నా ఇదే నయం. సొరంగమంటే ఎవరో తవ్వినట్టే.

విజయవాడ, నానో మెటీరియల్స్ పరిశోధకుడు:
రెండు క్రియలూ బాగున్నాయి గానీ, ఇవి రెండు వేర్వేరు దారులని నోట్సులో రాయొద్దు సార్. ఒక కణం నుంచి పక్క కణానికి వెళ్లే ప్రతి గెంతులోనూ అణువును దూరడం ఉంటుంది. గెంతు అనిపించేలా చేసేది ఒక ఎలక్ట్రాన్‌ని అదనంగా కణం మీదికి చేర్చడానికి పట్టే శక్తి ఖర్చు. ఎలక్ట్రాన్ ఆవేశం వర్గాన్ని రెండు రెట్ల కెపాసిటెన్స్‌తో భాగిస్తే ఆ ఖర్చు వస్తుంది. 5 నానోమీటర్ల విడి కణానికి, చుట్టూ సేంద్రియ పదార్థం ఉంటే, అది సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్. గది ఉష్ణశక్తి 0.025 మాత్రమే. అందుకే చల్లబరిస్తే ప్రవాహం పడిపోతుంది. అల్లికలో ఇరుగుపొరుగు కణాల వల్ల ఈ ఖర్చు కొంత తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. లంకె అణువు (డైథయోల్) మరీ పొట్టిదై, సంధి నిరోధం 25.8 కిలోఓమ్‌లకు బాగా కిందికి వస్తే ఆవేశం ఒక కణానికి కట్టుబడి ఉండదు. పొర లోహంలాగే నడుస్తుంది, వేడి చేస్తే నిరోధం పెరుగుతుంది. అక్కడ "గెంతు" అని రాస్తే తప్పే.

గుంటూరు, ఫిజిక్స్ లెక్చరర్:
మరి ఆ కణాన్ని పుస్తకాలు ఐలాండ్ అంటాయి. "ద్వీపం" అనాలా?

గుంటూరు, రిటైర్డ్ తెలుగు పండితుడు:
కృష్ణ ఒడ్డున ఉండి ద్వీపమెందుకండీ, "లంక" ఉండగా! చుట్టూ నీళ్లు, బల్లకట్టు మీద ఒకరు వచ్చి దిగితేనే ఇంకొకరికి చోటు. పాఠానికి అతికినట్టు ఉంది.

విజయవాడ, కెమిస్ట్రీ అధ్యాపకురాలు:
లంక బాగుంది. కానీ డైథయోల్‌ని "లంకె" అంటున్నాం. లంక, లంకె పక్కపక్కన పడితే అచ్చులో ఎత్వం ఒక్కటి ఎగిరిపోయినా అర్థం తారుమారు. లంకెని "కొక్కెం అణువు" అనండి, రెండు కొసలా కొక్కేలే కాబట్టి.

పొర తయారీకి "కలపడం" అని రాయొద్దు, "అల్లడం" అనండి. ఎర్రటి సిట్రేట్ బంగారు ద్రావణంలో డైథయోల్ నేరుగా పోస్తే కణాలు గుంపు కట్టి, రంగు ఊదా, నీలంలోకి మారి అడుక్కి దిగిపోతాయి. మెర్కాప్టోసిలేన్ (ఒక కొస గాజుకి, ఇంకో కొస బంగారానికి అంటే అణువు) పట్టించిన గాజును బంగారు ద్రావణంలో ముంచాలి, కడగాలి, డైథయోల్‌లో ముంచాలి, మళ్లీ కడగాలి. ఇలా మార్చి మార్చి చేస్తేనే పొర ఎదుగుతుంది. కడగడం తక్కువైతే మిగిలిన డైథయోల్ తర్వాతి ద్రావణాన్ని పాడుచేస్తుంది. గాలి తగిలిన పాత డైథయోల్ డైసల్ఫైడ్‌గా మారుతుంది. కొన్నిసార్లు రెండు కొసలూ ఒకే కణానికి పట్టుకుని, పక్క కణానికి లంకె పడదు.

విజయవాడ, నానో మెటీరియల్స్ పరిశోధకుడు:
మొదటి మునకల్లో ప్రవాహం రాకపోతే పొర చెడిందనుకోవద్దని కూడా రాయండి. లంకలు ఈ ఎలక్ట్రోడ్ నుంచి ఆ ఎలక్ట్రోడ్ దాకా తెగకుండా కలిసేవరకు రాదు. కొలిచేటప్పుడు ఎలక్ట్రోడ్ల మధ్య 10 మైక్రోమీటర్లు, కణం నుంచి కణానికి 7 నానోమీటర్లు అనుకుంటే వరసలో సుమారు 1400 సంధులు. మొత్తం 1.4 వోల్టులు పెడితే ఒక్కో సంధికి దక్కేది 1 మిల్లీవోల్టు. ఇంత తక్కువ కాబట్టే ప్రవాహం-వోల్టేజి గీత తిన్నగా వస్తుంది. ఆ తిన్నటి గీత చూసి "లోహం" అని తేల్చకుండా, ఉష్ణోగ్రత మార్చి చూడమనండి.