చెయ్యి విరిగినవాడి ఒక్క సాక్ష్యంతో శిక్ష నిలుస్తుందా?

నల్లకోటు: గట్టు తగాదా కేసు అనుకోండి. చూసిన ఇద్దరూ హోస్టైల్ (ప్రాసిక్యూషన్‌కి ఎదురు తిరిగారు). మిగిలింది దెబ్బ తిన్న పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి). "ఏ-2 కర్రతో ఎడమ చెయ్యి విరగ్గొట్టాడు" అని బోనులో చెప్పాడు (ఏ-2 అంటే రెండో ముద్దాయి). దర్యాప్తులో పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంట్‌లో (సీఆర్‌పీసీ సెక్షన్, కొత్త చట్టంలో 180) ఏ-2 ఊసే లేదు. ఏ-2కి శిక్ష పడుతుందా?

క్రాస్‌మాస్టర్: పడదు. చెయ్యి విరగ్గొట్టినవాడి పేరు ఎవడైనా మర్చిపోతాడా? అంత ముఖ్యమైన ఒమిషన్ (చెప్పకుండా వదిలేయడం) కాంట్రడిక్షన్ (మాట మార్చడం) కిందే లెక్క.

సర్కారీ: ముందు దాన్ని రుజువు చేశారా? "పోలీసులకు ఈ మాట చెప్పలేదు కదా" అంటే సాక్షి "చెప్పాను" అంటాడు. అక్కడికి సగం పనే. ఐఓ (దర్యాప్తు అధికారి) బోనులోకి వచ్చినప్పుడు "పీడబ్ల్యూ-1 నాకు ఏ-2 పేరు చెప్పలేదు" అని ఆయన నోటే రాబట్టాలి. చాలామంది జూనియర్లు ఇక్కడే వదిలేస్తారు. ఇక ఆర్గ్యుమెంట్లో గొంతు చించుకున్నా లాభం లేదు. సాక్షి కాదన్న సజెషన్ (క్రాస్‌లో లాయరు వేసిన మాట) సాక్ష్యం కాదు.

బెంచిగుమాస్తా: మాట తేడాగా ఉంటే ఆ ముక్క వరకే సాక్షికి చూపించి డి-1గా (డిఫెన్స్ మొదటి ఎగ్జిబిట్) మార్క్ చేయించాలి. స్టేట్‌మెంట్ మొత్తం కాదు.

క్రాస్‌మాస్టర్: ఐఓని అడిగారనే అనుకోండి సార్! సాక్షుల సంఖ్యతో పనిలేదు, పాత సాక్ష్య చట్టం 134 సెక్షన్ (కొత్త చట్టంలో 139) నాకూ తెలుసు. కానీ వడివేలు తేవర్ కేసులో (1957) సుప్రీంకోర్టు మూడు రకాలు చెప్పింది: పూర్తిగా నమ్మదగ్గవాడు, బొత్తిగా నమ్మరానివాడు, మధ్యరకం. మధ్యరకానికి వేరే ఊతం కావాలి.

సర్కారీ: గాయాల సర్టిఫికెట్ ఉందిగా.

క్రాస్‌మాస్టర్: అది ఎముక విరిగిందంటుంది. ఎవరు విరిచారో అంటుందా? ఏ-1 కొట్టినా ఎక్స్‌రే అదే.

పిచ్చుక: 👍

సర్కారీ: మంచం మీద మూలుగుతున్నవాడి దగ్గర హెడ్ కానిస్టేబులు నాలుగు ముక్కలు రాసుకుపోతాడు. దానిమీద సాక్షి సంతకమే ఉండదు. ఆ రాతలో లోపానికి వాడెందుకు బలవ్వాలి?

క్రాస్‌మాస్టర్: ఏ-2 ఎందుకు బలవ్వాలి మరి? ఒకడు కొడితే అన్నదమ్ములందర్నీ ఇరికించే ఊళ్ళు మీరెరగరా? మీకు ముద్దాయంటే దోషే!

సర్కారీ: మీకు సాక్షంటే అబద్ధాలకోరే. ఆ ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే హోస్టైలయ్యారా? పోలీసు రాత బాగోలేని ప్రతిసారీ ముద్దాయికి లాభం వస్తే దెబ్బలు తిన్నవాడికి ఏ కోర్టు మిగిలింది?

క్రాస్‌మాస్టర్: అనుమానం ఎవరి తప్పు వల్ల పుట్టినా లాభం ముద్దాయిదే. అది నచ్చకపోతే మీ గొడవ చట్టంతో, నాతో కాదు.

నల్లకోటు: ఇంకో సంగతి. పీడబ్ల్యూ-1 ఇచ్చిన ఫిర్యాదులో "ఏ-1, ఏ-2 కలిసి కొట్టారు" అని ఉంది. ఎవరు ఏ దెబ్బ కొట్టారో లేదు.

సర్కారీ: ఇది మొదట్లోనే చెప్పాల్సింది! పేరు తర్వాత అల్లింది కాదన్నమాట.

క్రాస్‌మాస్టర్: పేరు ఉంది, దెబ్బ లేదు. చార్జిలో ఐపీసీ 34 సెక్షన్ (ఉమ్మడి ఉద్దేశం; కొత్త చట్టంలో 3(5)) వేశారా? చార్జి కాపీ పెట్టండి, పేర్లు కొట్టేసి.