వానలు పడ్డప్పటి నుంచి స్క్రీన్ మీద ఎమల్షన్ నిలవట్లేదు

తెనాలిలో స్క్రీన్ ప్రింటింగ్‌తో పెళ్లికార్డులు వేసే షాపు మాది. అదే డయాజో ఎమల్షన్ (స్క్రీన్ జాలీకి పూసే పూత; లైటు తగిలిన చోట గట్టిపడుతుంది, తగలని అక్షరాల చోట నీళ్లకు పోయి తెరుచుకుంటుంది), లైటు చూపడానికి అవే ట్యూబ్‌లైట్లు, అదే 7 నిమిషాలు. మేలో బాగానే వచ్చింది. ఇప్పుడు నీళ్లు కొట్టగానే అక్షరాల అంచులు కూడా జారిపోతున్నాయి. నిన్న ‘చి.ల.సౌ.’ కాస్తా ఒకే మచ్చయింది. 9 నిమిషాలు పెట్టినా అంతే. శ్రావణం ముహూర్తాలు, పెళ్లివారి ఫోన్లు ఆగట్లేదు.

జవాబు: తమ్ముడూ, కడిగేటప్పుడు స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) వైపు వేలితో రాసి చూడు. జిగురుగా ఉందా? ఎంతసేపు ఆరబెడుతున్నావు?

జిగురే అన్నా. ఫ్యాను కింద గంట. ఎండాకాలం అది చాలేది.

జవాబు: అక్కడే ఉంది తంటా. లోపల తడి ఉంటే ఎంత లైటు చూపినా ఎమల్షన్ సరిగా గట్టిపడదు. చేతికి ఆరినట్టే తగులుతుంది, నమ్మకు. చీకటి గదిలో, ప్రింటు వైపు కిందికి పెట్టి, రాత్రంతా వదిలెయ్. హెయిర్ డ్రయ్యర్ జోలికి మాత్రం పోకు. వేడి ఎక్కువైతే లైటు చూడకముందే గట్టిపడి, అక్షరాలు తెరుచుకోవు. నేనలా రెండు స్క్రీన్లు పాడుచేసుకున్నా.

ఇంకో జవాబు: ఎమల్షన్‌లో డయాజో (లైటుకు గట్టిపడేలా చేసే మందు) కలిపి ఎన్నాళ్లయింది? పాతదైతే పారెయ్యండి. ట్యూబులు కూడా కంటికి వెలుగుతున్నట్టే ఉంటాయి కానీ యూవీ తగ్గిపోతుంది. ఒకే స్క్రీన్ మీద అట్టముక్క జరుపుతూ 5, 7, 9, 11, 13 నిమిషాలు వేసి చూడండి.

రాత్రంతా ఆరబెట్టా అన్నా. 9 దగ్గర చుక్కలతో సహా వచ్చింది. 13 దగ్గర సన్నగీతలు మూసుకుపోయాయి. కార్డులు ఎక్కించేశా.