చిన్న ఉప్పునీటి తొట్టెకి మాక్రో వీడియో: కెమెరా చేతిలోనా, స్టాండ్ మీదా?

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం):
మా ఇంట్లో 40 లీటర్ల ఉప్పునీటి తొట్టె ఉంది. ఒక క్లీనర్ రొయ్య, గవ్వల్లో కాపురం ఉండే పీతలు రెండు, రాయి మీద కొన్ని జోయాంథిడ్లు (రాయికి అంటుకుని పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవాలు). వీటిని బాగా దగ్గరగా, పెద్దగా కనపడేలా (దీన్నే మాక్రో అంటారు) చేత్తో పట్టుకుని నేను తీసిన వీడియో చూసి ఒకాయన "స్టాండ్ లేకుండా మాక్రో తీస్తే అది వీడియోనే కాదు" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

రొయ్య మనకోసం ఆగదు. స్టాండ్ సర్ది, ఎత్తు చూసుకుని, బిగించేలోపు అది రాయి వెనక్కి పోతుంది. నా పద్ధతి చెప్తాను. లెన్సు ముందు రబ్బరు హుడ్ (గొట్టంలాంటి తొడుగు) తగిలించి నేరుగా అద్దానికి ఆనిస్తాను. మోచేతులు పక్కటెముకలకి నొక్కిపెడతాను. ఆటో ఫోకస్ ఆపేస్తాను, లేకపోతే నీళ్ళలో తేలే నలుసు మీదికో అద్దం మీది గీత మీదికో పోతుంది. ఫోకస్ రింగు ఒకచోట పెట్టేసి, మెత్తటి రబ్బరుని కాస్త నొక్కుతూ వదులుతూ బొమ్మని పట్టుకుంటాను. అద్దానికి ఆనిస్తే ఇంకో లాభం, గదిలోని ట్యూబ్‌లైటు ప్రతిబింబం అద్దంలో పడదు. లెన్సు అద్దానికి సూటిగా కూడా ఉంటుంది. ఏటవాలుగా పెడితే అంచుల్లో రంగులు చీలి బొమ్మ అలికేసినట్టు వస్తుంది.

మొన్న రాత్రి రొయ్య తన మీసాన్ని నోటి దగ్గరి కాళ్ళతో పట్టుకుని, మొదలు నుంచి చివరిదాకా మెల్లగా లాగి శుభ్రం చేసుకుంది. ఆ తెల్లటి మీసం విల్లులా వంగి, కొస దాకా వచ్చాక టక్కున విడివడింది. మధ్యలో రెండడుగులు పక్కకి జరిగింది, నేనూ జరిగాను. స్టాండ్ మీద అది దొరికేదా?

స్టూడియో భీమవరం:
దొరికేదండి, ఓపిక ఉంటే. పెళ్ళి వీడియోలు తీసే చేయి నాది, చేత్తో పట్టడం నాకూ వచ్చు. కానీ మాక్రో వేరు. వస్తువు ఎంత ఉందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద అంతే పడేలా తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెడితే ముందు నుంచి వెనక్కి ఫోకస్‌లో ఉండేది సుమారు ఒక మిల్లీమీటరే. మనిషి ఊపిరి పీల్చినా అంతకంటే ఎక్కువ కదులుతాడు. వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ కెమెరాలో ఉందిగా అంటారు. అది కెమెరా వంగడాన్ని సరిచేస్తుంది, కొత్త వాటిలో పక్కకి, పైకి జరగడాన్ని కూడా కొంత సరిచేస్తుంది. ముందుకీ వెనక్కీ ఊగితే ఏ స్టెబిలైజేషనూ ఏమీ చేయలేదు. ఫోకస్ పోయిన బొమ్మని ఎడిటింగ్‌లో తిరిగి తేలేం.

ఇక అద్దానికి ఆనించడం. నీళ్ళు కదిలించే మోటారు అద్దానికే అతికించి ఉంటుంది, ఆ వణుకంతా మీ లెన్సులోకి వస్తుంది. తొట్టె అక్రిలిక్‌ది అయితే గీతలు ఖాయం. ఫోన్‌లో చూసినప్పుడు బాగానే ఉంటుంది, 43 అంగుళాల టీవీ మీద వేసి చూడండి, చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. స్టాండ్, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే ఫోకసింగ్ రైలు, ఇవి లేకుండా మాక్రో జోలికి వెళ్ళొద్దని నా గట్టి మాట.

కోనసీమ ఫోన్:
అన్నా, నాకు కెమెరా లేదు. ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్సు ఉంది. రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఫోకస్ అవుతుంది, అంటే అద్దం దగ్గరికి వచ్చిన జీవాలే దొరుకుతాయి. స్టాండ్ పెడితే ఎప్పుడొస్తాయా అని కూర్చోవడమే. ఇంకో టెన్షన్ ఏంటంటే బొమ్మంతా నీలం అయిపోతోంది, అడ్డంగా నల్ల చారలు కూడా పాకుతున్నాయి. పగడాలు పెడితే వీడియో బాగా వస్తుందని ఇంకొకరు అంటున్నారు, నిజమేనా?

హేచరీలో పని (ఉప్పాడ దారి):
తమ్ముడూ, ముందు పగడాల సంగతి. రాతి పగడాల్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, సముద్ర గుర్రాల్ని కూడా. మన సముద్రం నుంచి తెచ్చినవి కొనడమే నేరం. వీడియో కోసం ఆ పని చేయొద్దు.

నల్ల చారలకి షట్టర్ 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. అప్పటికీ పోకపోతే లైటు డిమ్మర్ వల్ల అయ్యుంటుంది, వెలుగు పూర్తిగా పెంచి చూడు. నీలానికి మందు కెమెరాలో లేదు, లైటులో ఉంది. తీసేంతసేపు తెల్ల లైటు పెంచు, లేదా లెన్సు ముందు పసుపు ఫిల్టరు పెట్టు.

ఇక అసలు గొడవకి వద్దాం. ఇద్దరూ కెమెరా గురించే మాట్లాడుతున్నారు, నీళ్ళ గురించి ఎవరూ అనడం లేదు. వేవ్‌మేకర్ (నీళ్ళు కదిలించే ఆ మోటారు) ఆపండి. వణుకు పోతుంది, నలుసులు కిందికి దిగుతాయి. కానీ పది నిమిషాలు దాటనివ్వకండి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్ళు ఆరుకి కాస్త పైన పట్టుకుంటాయి, అంతే. మే నెలలో మన ఇళ్ళల్లో తొట్టె నీళ్ళు ఆ వేడి దాటేస్తాయి. చెరువులో ఏరియేటర్ ఆగితే రైతు ఎలా పరిగెడతాడో అందరం చూసినవాళ్ళమే, 40 లీటర్ల తొట్టెకి అంత గడువు కూడా ఉండదు.

ఇంకో కిటుకు ఉంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, నారింజ రంగు చుక్క. వెలుగు ఎక్కడుంటే అక్కడికి ఈదుతుంది. తొట్టె ముందు మూల దగ్గర చిన్న టార్చి పెట్టి కొంచెం వదలండి. అవి అక్కడ గుంపు కడతాయి, వాటి వెనకాలే రొయ్య వస్తుంది. మూల దగ్గర ఉన్న జోయాంథిడ్ అయితే తాకిన చుక్కని వేళ్ళతో పట్టి మధ్యకి ముడుచుకోవడం కళ్ళారా కనపడుతుంది. జీవం ఎక్కడికి వస్తుందో మీరే నిర్ణయించినప్పుడు స్టాండ్ పెట్టుకోవచ్చు.

స్టూడియో భీమవరం:
నేను చెప్పేదీ అదేగా. వంటకి ముందు పొయ్యి సర్దుకున్నట్టు, చోటు మనం సిద్ధం చేసుకోవాలి.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం):
హేచరీ గారూ, ఆర్టీమియా కిటుకు బాగుంది, తప్పకుండా చేస్తాను. కానీ దానివల్ల వచ్చేది మేత వేసినప్పటి వీడియో. రొయ్య ఎవరూ పిలవకుండా, తన పని తాను చేసుకుంటుంటే చూడాలన్నది నా కోరిక. పీత పాత గవ్వ వదిలి కొత్త గవ్వలోకి మారేటప్పుడు దాని మెత్తటి వెనకభాగం బయటపడేది రెండు మూడు క్షణాలే. అది టార్చి పెట్టిన మూలకి వచ్చి మారదు.

స్టూడియో అన్నగారూ, ఒక మిల్లీమీటరు లెక్క నిజమే. అందుకే నేను పూర్తి సైజులో తీయను. సగం సైజులో తీస్తే అదే ఎఫ్ 8 దగ్గర దాదాపు మూడు మిల్లీమీటర్లు ఫోకస్‌లో ఉంటాయి. 4కే లో తీసి, ఎడిటింగ్‌లో కత్తిరించి దగ్గరికి తెచ్చుకుంటాను. వణుకంటారా, మోటారు ఉన్న అద్దానికి కాకుండా ఎదురు అద్దానికి ఆనిస్తాను. నాది గాజు తొట్టె, గీతల భయం లేదు. అక్రిలిక్ ఉన్నవాళ్ళు మాత్రం మీ మాటే వినాలి.

కదలని వాటికి స్టాండే మేలు, జోయాంథిడ్ విచ్చుకోవడం చేత్తో తీయమని నేనూ చెప్పను. కాళ్ళున్న వాటికి మాత్రం చేయే కావాలి.

కోనసీమ ఫోన్:
తెల్ల లైటు పెంచితే నీలం చాలావరకు పోయిందన్నా. 1/100 పెడితే చారలు కూడా పోయాయి. స్టాండ్ లేదు కాబట్టి ఫోన్ అంచుని అద్దానికి ఆనించే తీస్తున్నాను.

స్టూడియో భీమవరం:
సగం సైజు, కత్తిరింపు మాట ఒప్పుకుంటాను. కాళ్ళున్న వాటి మాట ఒప్పుకోను. మీరు చేత్తో ఒక నిమిషం తీయండి, నేను మీ ఇంటికి స్టాండ్, రైలు తెచ్చి అదే తొట్టె దగ్గర ఒక నిమిషం తీస్తాను. రెండూ కోయకుండా, సరిచేయకుండా టీవీ మీద వేద్దాం.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం):
రండి అన్నగారూ. షరతులు మూడు. అదే రొయ్యని తీయాలి, మేత వేయకూడదు, వేవ్‌మేకర్ ఆపకూడదు. ఆదివారం సాయంత్రం అయితే నాకు వీలు.