సమస్య: కదలలేక రాజు గట్టునెక్కె

పృచ్ఛకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. నిన్న రాత్రి చదరంగం బల్ల దగ్గర పుట్టింది. మా ఇద్దరిదీ ఒకే స్థాయి, అంటే తప్పులు కూడా సమానంగానే చేస్తాం. నా వైపు రాజు, మంత్రి. అవతల ఒంటరి రాజు. గడియారంలో నిమిషం కూడా లేదు. టెన్షన్‌లో మంత్రిని ఎత్తి పెట్టేశాను. వాడు బల్లకేసి చూసి, నాకేసి చూసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాజు మీద చెక్ లేదు, కదిలే చోటూ లేదు: అదే స్టేల్‌మేట్. పూరణకు వస్తువు మాత్రం మీ ఇష్టం.

మొదటి పూరణ:
నావ మునిగె నడుమ నది పొంగి వచ్చెను
మోసె నొక్క బంటు వీపు మీద
కాలు విరిగి పడిన ఘనుని మెల్లఁగఁ దెచ్చె
కదలలేక రాజు గట్టునెక్కె

పృచ్ఛకుడు: చదరంగం వదిలి నిజం గట్టే ఎక్కించారు, బాగుంది. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) తప్పింది, ‘మో’కి ‘వీ’ కుదరదు. వీపు తీసేసి ‘మూపు’ అనండి. బరువు అంతే, యతి నిలుస్తుంది.

రెండో పూరణ:
చెక్కు చెప్పెనంత చేరువ నేనుగు
దారి లేదు మూల దాటిపోవ
ఆట ముగిసె ననుచు నందఱు లేచిరి
కదలలేక రాజు గట్టునెక్కె

పృచ్ఛకుడు: ఛందస్సులో వంక లేదు. ఆటలోనే ఉంది. చెక్ చెప్పాక కదల్లేకపోతే అది చెక్‌మేట్. మీ రాజు గట్టెక్కలేదు, మునిగిపోయాడు! ‘చెక్కు చెప్పకుండఁ జేరువ నేనుగు’ అంటే బతుకుతాడు. ఆ ఏనుగుకు వెనక అండ ఉందనుకుందాం, లేకపోతే రాజే దాన్ని తినేస్తాడు.

మూడో పూరణ:
సమము సమము గాను సాగిన పోరులో
మూల రాజు చిక్కె, ముందు మంత్రి
గుఱ్ఱమురుకు చోటఁ గూర్చుండె గర్వాన
కదలలేక రాజు గట్టునెక్కె

పృచ్ఛకుడు: మూడో పాదం దగ్గర ఆగిపోయాను. మూల గడి హెచ్8లో రాజు, జి6 గడిలో మంత్రి, సరిగ్గా గుర్రం గంతు దూరం. జి8, జి7, హెచ్7 మూడూ మూసుకుపోయాయి, రాజు మీద మాత్రం చెక్ లేదు. నిన్న నేను చేసిన నిర్వాకం అచ్చం ఇదే. ఒక్కటే ఫిర్యాదు: రెండో ‘సమము’ గణం నింపడానికే వచ్చినట్టుంది.

మూడో పూరణ రాసినవారు: ఆటగాళ్ళు ఇద్దరు కదండీ, తలా ఒకటి.

ఒక సభ్యుడు: స్టేల్‌మేట్ అంటే డ్రా, చెరో అర పాయింటు. దాన్ని గట్టెక్కడం అనొచ్చా?

పృచ్ఛకుడు: ఓడాల్సినవాడికి అర పాయింటు గట్టు కాక మరేమిటి? పైగా ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల్లో స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్టు లెక్క.

అదే సభ్యుడు: ఆ లెక్కన నిన్న ఓడింది మీరే.