సంగీతం పీరియడ్ అంటేనే నీరసం: సెలవు పెడితే తీరుతుందా?

ప్రశ్న (అమలాపురం దగ్గర):
11 ఏళ్లుగా బడిలో సంగీతం నేర్పుతున్నాను. వారానికి 28 పీరియడ్లు, ఆపైన పంద్రాగస్టుకూ వార్షికోత్సవానికీ సాధనలు. ఇంటికి వచ్చాక శ్రుతిపెట్టె ముట్టుకోవాలనిపించడం లేదు. నిన్న ఒక పాప జంట స్వరాలు తప్పు లేకుండా పాడి నా వైపు చూస్తే, నేను హాజరు పట్టీ మీద నుంచి తల ఎత్తలేదు. అదే నన్ను తొలిచేస్తోంది.

జవాబు:
మేడమ్ గారూ, సెలవు ఒక్కటే చాలదండీ. మీరు చెప్పేది ‘బర్న్‌అవుట్’ అనే పని అలసటలా ఉంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా వర్ణించింది. పని భారం తగ్గకపోతే సెలవు ముగిసిన వారానికే మళ్లీ మొదటికి వస్తారు. కార్యక్రమాల సాధనను పీరియడ్లలోనే పెట్టుకుంటానని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా తెలియజేయండి.

జవాబు (రాజోలు):
నేను ప్రతి తరగతిలో పిల్లల శ్రుతికి గొంతు సాగదీసి, వాళ్లతోపాటే పాడి బొంగురుపోయేవాణ్ణి. ఇప్పుడు ఒక వరుస పాడి ఆపి, వాళ్లు పాడుతుంటే వింటాను. ఆదివారం సాయంత్రం కాలువ గట్టున, ఎవరికీ నేర్పనక్కరలేని కీర్తన ఒకటి నా కోసమే పాడుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ప్రధానోపాధ్యాయులకు లేఖ ఈ రాత్రే రాస్తాను. రేపు ఆ పాపను మళ్లీ పాడమని అడుగుతాను.