భర్త పోయిన తల్లి కథ: సినిమాల్లో చూసేది, మన ఇళ్లలో జరిగేది

హన్మకొండ పోరడు
షార్ట్ ఫిల్మ్‌కి స్క్రిప్ట్ రాస్తున్నా. భర్త పోయిన తల్లి, ముగ్గురు పిల్లలు, పర్వతగిరి వైపు ఊరు. రాసింది చదివితే అన్నీ పాత సినిమాలే: కుట్టుమిషను, దగ్గు, వడ్డీ వ్యాపారి. 'మదర్ ఇండియా' వచ్చింది 1957లో, మనం ఇంకా అక్కడే ఉన్నాం. మీ ఇళ్లలో చూసినవి చెప్పండి, పేర్లు వాడను.

కాజీపేట జంక్షన్
అందులో నర్గీస్ భర్త చనిపోవడం చూపించరు తమ్మీ. బండరాయి కింద చేతులు నలిగిపోయి, ఇంటికి భారం కావద్దని వెళ్లిపోతాడు.

పత్తిచేను
మీ కథలో నాన్న పట్టాదారా, కౌలు రైతా? ముందు అది తేల్చుకో. 2018 నుంచి మన తెలంగాణలో రైతుబీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. మా బాపుది కౌలు. పాసుబుక్ లేదు, బీమా లేదు. బాకీ మాత్రం అమ్మ మీద పడ్డది.
పెద్దకర్మ రోజు అడ్తి సేటు, అదే అప్పిచ్చి పంట అమ్మిపెట్టే దళారి, వచ్చాడు. అన్నం తిన్నాడు, పోయేటప్పుడు బాకీ రాసిన చిట్టీ అమ్మ చేతిలో పెట్టి "వీలు చూసుకో చెల్లె" అన్నాడు. అంతే. తర్వాత పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలితే బాకీ పట్టుకుని మిగతాది ఇచ్చాడు. అరిచే విలన్‌ను పెట్టకు.

నర్సంపేట అక్క
తెల్లచీర తీసేయ్. మా అమ్మ రంగు చీరలే కట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. సద్దుల బతుకమ్మ నాడే తేడా తెలిసేది. గునుగుకు రంగులద్దేది, తంగేడు తెంపుకొచ్చేది, పొద్దంతా కూర్చుని బతుకమ్మ మొత్తం తనే పేర్చేది. పైన పసుపు గౌరమ్మను పెట్టే వేళకు లేచి వంటింట్లోకి పోయేది. పిన్ని వచ్చి పెట్టేది. మేం వెయ్యిస్తంభాల గుడికి పోతే తను ఇంట్లోనే. ఒక ఏడు చెల్లె గౌరమ్మను తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ సంతోషపడలేదు, కోప్పడింది. సినిమావాళ్లయితే అక్కడ పాట పెడతారు.

భివండీ రిటర్న్
సినిమాల్లో కుటుంబం కలిసుండడమంటే అందరూ ఒకే కప్పు కింద ఉండడం. మేం తలో దిక్కు పోయినందుకే మిగిలాం. అన్న మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల మీదికి, చెల్లె మేనమామ ఇంటికి, నేను గురుకులానికి. ఊళ్లో అమ్మ ఒక్కతే. ఆమెకు అసలు పని లెక్కలు. అన్న పంపినదాంట్లో మామకెంత, నాకెంత, అన్నకు తెలియకుండా దాచేదెంత. చెల్లెకు బట్టలు కొంటే అత్తకు జాకెట్ గుడ్డ తప్పనిసరి, లేకపోతే చెల్లె అక్కడ మాటలు పడాలి. తెర మీద ఇది ఎట్లా తీస్తావో నాకు తెలియదు.

కాజీపేట జంక్షన్
బాగుంది గానీ, ఏడుపు లేకపోతే మన అమ్మలు చూడరు.

జగిత్యాల బిడ్డ
మా అమ్మ బీడీలు చుడుతూ టీవీలో ఇలాంటి సినిమాలు చూసేది. "ఈమెకు ఇంత ఏడ్చే టైమ్ ఎక్కడిది?" అనేది. ఇంకోటి, అత్తను రాక్షసిని చేయకు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు పోతే కోడలితో, పిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా. మా విరాసత్ పనికి, అంటే పోయినవాళ్ల భూమి వారసుల పేరు మీదికి మార్చే పనికి, నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి వచ్చి వేలిముద్ర వేసింది. దారి పొడుగునా అమ్మను తిడుతూనే ఉంది.

హన్మకొండ పోరడు
ఆటో సీన్ తీసుకుంటున్నా అక్కా. కానీ కౌలు రైతంటే విరాసత్ ఉండదు కదా. ఎకరం సొంతం అని పెట్టనా?

పత్తిచేను
గుంట పట్టా ఉన్నా బీమా వస్తుంది, నీ కథ అక్కడే ఆగిపోతుంది. భూమి ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉందని పెట్టు. నాన్నకు పాసుబుక్ లేదు కాబట్టి బీమా రాదు. విరాసత్‌కు నాయనమ్మ, చిన్నాయిన ఇద్దరూ రావాలి. చిన్నాయిన సూరత్‌లో ఉన్నాడనుకో, రైలు టికెట్ ఎవరు కొనాలన్న దగ్గర గొడవ మొదలుపెట్టు.