8 వేలకు ఒక పెద్ద స్పీకరా, రెండు చిన్నవా?

వేళచ్చేరి కుర్రాడు:
అందరికీ నమస్కారం. బ్లూటూత్ స్పీకర్ కోసం 8 వేలు పక్కన పెట్టాను. సాయంత్రాలు మేడ మీద నాన్నగారికి ఘంటసాల, సుశీల పాటలు పెట్టాలి. ఆయనకు ఈమధ్య వినికిడి కొంచెం తగ్గింది. అప్పుడప్పుడు ఫ్రెండ్స్‌తో ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం వెంట వెళ్లే రోడ్డు) మీద మహాబలిపురం వైపు వెళ్తాం, ఇసుకలో కూర్చుని రెహమాన్, దేవిశ్రీ పాటలు వింటాం. ఆఫీసులో అందరూ ఒకటే పెద్దది కొనమంటున్నారు. తమ్ముడేమో ఒకే మోడల్ చిన్నవి రెండు కొని జత చేద్దామంటున్నాడు. ఏది మేలు?

రిచీ స్ట్రీట్ రెగ్యులర్:
ఒకటే కొను బ్రో. చిన్నవి ఎన్ని కలిపినా బేస్ కిందికి దిగదు. 100 హెర్ట్జ్ లాంటి బేస్ ధ్వని తరంగం పొడవే దాదాపు 3.4 మీటర్లు. అలాంటి శబ్దం గట్టిగా రావాలంటే చాలా గాలిని నెట్టాలి, దానికి పెద్ద కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే భాగం) కావాలి. రెండు చిన్నవి పెడితే సౌండ్ పెరుగుతుంది తప్ప డప్పు దెబ్బలో లోతు రాదు. పైగా రెండింటికీ చార్జింగ్ చూసుకోవాలి.

వడపళని వాసి:
బేస్ గురించి ఆయన చెప్పింది నిజమే, కాకపోతే అది గదిలో మాట. ఆరుబయట శబ్దాన్ని తిప్పికొట్టే గోడలుండవు. ఇంట్లో గుండెకు తగిలిన బేస్ బీచ్‌లో పలచబడిపోతుంది, పెద్ద స్పీకర్‌కైనా అంతే.

బయట అసలు చూడాల్సింది దూరం. స్పీకర్‌కూ మనకూ మధ్య దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మాత్రం 3 డెసిబెల్సే. అంటే 4 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని 2 మీటర్లకు తెచ్చుకుంటే, వాట్లు నాలుగింతలు చేసినంత లాభం. ఎనిమిది మంది ఇసుకలో గుండ్రంగా కూర్చున్నప్పుడు ఒక్క స్పీకర్ ఎవరి పక్కన పెడతారు? పక్కనున్నవాడికి చెవులు దిమ్మెక్కుతుంటే ఎదురుగా ఉన్నవాడు ఇంకా పెంచమంటాడు. అలా పెంచుతూ పోతే, కోన్ దెబ్బతినకుండా చాలా స్పీకర్లు బేస్‌ను వాటంతటవే తగ్గించేస్తాయి. ఏ బేస్ కోసం పెద్దది కొన్నామో ఫుల్ వాల్యూమ్‌లో ముందు పోయేది అదే. రెండు స్పీకర్లు చెరోవైపు పెట్టి సగం సౌండ్‌లో మోగించండి, అందరికీ పాట సమంగా అందుతుంది. అప్పుడు స్టీరియో మోడ్ (ఒకదాంట్లో కుడి శబ్దం, ఇంకోదాంట్లో ఎడమ శబ్దం వచ్చేది) వద్దు, రెండింట్లోనూ మొత్తం పాట వచ్చే మోడ్ పెట్టండి.

మేడ మీదైతే పక్కిళ్ల గురించి కూడా ఆలోచించాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. చెన్నైలో మేడలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. మన పాట మనకు వినబడితే చాలు. పక్క మేడ మీద పరీక్షలకు చదువుకునే పిల్లను ఇబ్బంది పెట్టే హక్కు మనకు లేదు.

ట్రిప్లికేన్ అక్క:
తమ్ముడూ, నాన్నగారి పాటల సంగతి ఎవరూ మాట్లాడలేదు. 50లు, 60లలో మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన ఆ పాటలు మోనోవి. కుడి ఎడమల తేడా అందులో లేదు కాబట్టి స్టీరియో జతతో ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆ పాటల ప్రాణం గొంతులో ఉంది. బేస్ దట్టించిన స్పీకర్లలో ఘంటసాల గారి గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. ఈక్వలైజర్ (బేస్ తగ్గించి గొంతు పెంచుకునే సెట్టింగ్) ఉన్న మోడల్ చూసుకో. షాపులో వాళ్లు పెట్టే డెమో పాట విని మోసపోకు, నాన్నగారిని తీసుకెళ్లి ఆయన పాటే పెట్టించు.

బీసెంట్ నగర్ నడక:
ఒకటైనా రెండైనా బీచ్‌కి తీసుకెళ్లేదైతే ఐపీ67 అని రాసి ఉండాలి, దుమ్మునూ నీళ్లనూ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ అది. ఐపీఎక్స్7లో ఆ ఎక్స్ ఉందంటే దుమ్ముకు రేటింగ్ ఇవ్వలేదని అర్థం, ఇసుకలో దాన్ని నమ్మలేం. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట, అదీ మంచినీళ్లలో. ఉప్పునీళ్లు తగిలితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, చార్జింగ్ పోర్ట్ పూర్తిగా ఆరాకే వైరు పెట్టు. మే నెల ఎండలో కారులో వదిలేయకు, లిథియం బ్యాటరీకి వేడి పడదు.

రిచీ స్ట్రీట్ రెగ్యులర్:
వడపళని అన్నా, దూరం లెక్క ఒప్పుకుంటాను. కానీ జత చేయడం అంత తేలిక కాదు. జేబీఎల్‌నే చూడండి. గో 3లో ఆ సౌకర్యమే లేదు. ఫ్లిప్ 6 పార్టీబూస్ట్ అనే పద్ధతితో జతవుతుంది, ఫ్లిప్ 7కి వచ్చేసరికి ఆరాకాస్ట్ అనే వేరే పద్ధతి పెట్టారు, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఇప్పుడొకటి, దీపావళికి ఇంకొకటి అనుకుంటే ఇరుక్కుపోతాం.

వడపళని వాసి:
అందుకే రెండూ ఒకే రోజు, ఒకే మోడల్ కొనాలి. అక్కా, మీరన్న మోనో మాట సరైనదే. నేను రెండు కొనమంటున్నది స్టీరియో కోసం కాదు. మోనో పాటైనా ఒకటి నాన్నగారి కుర్చీ పక్కనే ఉంటే ఆయనకు మాటలు స్పష్టంగా అందుతాయి, మిగతావాళ్లకు రెండోది. ఆ రెండోదాన్ని పిట్టగోడ మూలలో పెట్టి చూడండి, రెండు గోడల వల్ల బేస్ కూడా కొంత నిండుగా వస్తుంది.

వేళచ్చేరి కుర్రాడు:
చాలా థాంక్స్ అండి. నాన్నగారి పక్కన ఒకటి ఉండాలన్న మాట నాకు బాగా నచ్చింది. శనివారం ఆయన్ని తీసుకుని షాపుకి వెళ్తున్నాను. ఐపీ67, ఈక్వలైజర్, జత చేసే సౌకర్యం, ఈ మూడూ ఉన్న స్పీకర్ ఒక్కోటి 4 వేలలోపు దొరక్కపోతే ఏది వదులుకోమంటారు?

రిచీ స్ట్రీట్ రెగ్యులర్:
జత వదిలెయ్. 8 వేలూ ఒకదాని మీదే పెట్టు, నాన్నగారి పక్కన అదే పెట్టు.

వడపళని వాసి:
నేనైతే ఈక్వలైజర్ వదులుకుంటాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, కొన్ని పాటల యాప్‌లలో అది ఎలాగూ ఉంటుంది. జత చేసే సౌకర్యం మాత్రం కొన్నాక తెచ్చుకోలేం.